పని చేసే చోట ప్రథమ చికిత్స గది: చోటు చూడడం నుంచి 108 ఎక్కించేదాకా

ప్రథమ చికిత్స గది పెట్టాలనుకోగానే చాలా కంపెనీలు మొదట కొనేది మంచం. మంచం కావాల్సిందే గానీ దాని వంతు చివరిది. గుండె ఆగిన మనిషి మంచం పక్కకొచ్చి పడిపోడు. క్యాంటీన్ క్యూలోనో, రెండో అంతస్తు మెట్ల మీదో, ప్రెస్ మెషీన్ ముందో పడతాడు. అందుకే ఈ గదిని చిన్న సైజు ఆసుపత్రి అనుకోకండి. ఇక్కణ్ణుంచి సంచీ బయల్దేరుతుంది, తేరుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి పడుకుంటారు, 108 వాళ్లు ఇక్కణ్ణుంచి ఎక్కించుకుని వెళ్తారు. అలా చూస్తే ఏది ఎక్కడ పెట్టాలి, దేనికి డబ్బు పెట్టాలి అన్న ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి.

చట్టం ఎంత అడుగుతుంది

1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ లెక్క సూటిగా ఉండేది. ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె, పని గంటలన్నిటా అందుబాటులో ఉండే, సర్టిఫికెట్ ఉన్న బాధ్యుడు ఒకరు ఉండాలనేది. కార్మికులు 500 దాటితే విడిగా అంబులెన్స్ గది, అందులో వైద్య సిబ్బంది ఉండాలనేది. 2025 నవంబర్ 21న ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా అంబులెన్స్ గదికి ఆ 500 సంఖ్యనే పెట్టింది. గది కొలతలు, సామాను జాబితా రాష్ట్ర నియమాల్లో ఉంటాయి. మీరు 500 దాటినవాళ్లయితే ఇటుక పెట్టకముందే ఆ జాబితాను ఫ్యాక్టరీల శాఖ అధికారి దగ్గర తెచ్చుకోండి.

ఇక 80 మందో 300 మందో ఉన్న చోటు సంగతి. గది తప్పనిసరి కాకపోయినా, ప్రెస్సులు, రసాయనాలు, మరిగే నూనె, ఎత్తు మీద పని, రాత్రి షిఫ్టు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గది పెట్టడమే మేలు. ఈ మార్గదర్శి ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న అలాంటివాళ్ల కోసమే.

మొదటి మెట్టు: మీ దగ్గర జరిగేవేమిటో రాయండి

ఒక నోటుబుక్కు పట్టుకుని ఆవరణంతా తిరగండి. గత రెండేళ్ల ప్రమాదాల రిజిస్టరు పక్కన పెట్టుకోండి. రిజిస్టరులో లేనివి హౌస్‌కీపింగ్ వాళ్లు చెబుతారు, రక్తం తుడిచేది వాళ్లే కదా.

బాలానగర్, జీడిమెట్ల టూల్‌రూముల్లో నలిగిన వేళ్లు, కంట్లో ఇనుప రజను. పాశమైలారం, బొల్లారం వైపు ఫార్మా యూనిట్లలో యాసిడ్, కాస్టిక్, సాల్వెంట్ ఆవిర్లు. మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఆఫీసుల్లో ఛాతీ నొప్పి, షుగర్ పడిపోవడం, ఫిట్స్, మెట్ల మీద మడతపడ్డ మడమ, ఒలికిన వేడి కాఫీ. మేడ్చల్, శంషాబాద్ గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టు దెబ్బలు, వానాకాలంలో పాము. సైటు పనుల్లో ఏప్రిల్, మే నెలల వడదెబ్బ. మీ జాబితాలో లేని ప్రమాదానికి సామాను కొనకండి, ఉన్నదానికి మాత్రం కక్కుర్తి పడకండి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే యూనిట్‌లో 2.5 శాతం కాల్షియం గ్లూకొనేట్ జెల్ లేకపోతే మిగతా అల్మరా అంతా ఉన్నా లాభం లేదు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆ జెల్‌తో పనే లేదు.

రెండో మెట్టు: చోటు

గేటు నుంచి అంబులెన్స్ వెనక తలుపు తెరుచుకునే చోటికి, అక్కణ్ణుంచి గది తలుపుకి మెట్లు లేని దారి ఉండాలి. గ్రౌండ్ ఫ్లోరే మంచిది. పక్కనే టాయిలెట్ ఉండాలి. క్యాంటీన్ గోడ పక్కన వద్దు, పోపు వాసనకు వాంతులు ఎక్కువవుతాయి. రేకుల షెడ్డు కింద అసలే వద్దు. మందుల అట్టల మీద 25 డిగ్రీలకో 30 డిగ్రీలకో మించకూడదని రాసి ఉంటుంది. ఎండాకాలం రేకు కింద అది కుదిరే పని కాదు, ప్లాస్టర్ల జిగురు కరిగి కాగితానికే అంటుకుపోతుంది.

సైజు విషయంలో 100–200 మందికి 10 అడుగులు × 12 అడుగులు చాలు. మంచం గోడకు ఆనించకుండా రెండు వైపులా రెండున్నర అడుగుల చొప్పున ఖాళీ వదలండి. ఛాతీ నొక్కేవాళ్లు ఒక పక్క, గాలి ఊదేవాళ్లు తలవైపు నిలబడాలి. తలుపు 4 అడుగుల వెడల్పు, జరిపేది గానీ బయటికి తెరుచుకునేది గానీ పెట్టండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనకే మనిషి స్పృహ తప్పితే ఆ తలుపు తెరుచుకోదు. నేల కడిగితే శుభ్రమయ్యేలా, కానీ జారనిదిగా ఉండాలి. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద రక్తమో నీళ్లో పడితే సాయానికొచ్చినవాళ్లే పడతారు. కరెంటు పోతే వెలిగే ఇన్వర్టర్ లైటు ఒకటి, ఫ్యాను ఒకటి.

స్థలం ఖరారు చేసేముందు ఒక పరీక్ష. స్ట్రెచర్ మీద ఎవరినైనా పడుకోబెట్టి పై అంతస్తు నుంచి గదిదాకా నిజంగా మోసి చూడండి. స్ట్రెచర్ ఆరడుగుల పైనే ఉంటుంది. మామూలు 8 మంది లిఫ్టు లోపల నాలుగడుగుల చుట్టూ. ఎంత ఏటవాలుగా పెట్టినా పట్టదు. నగరంలో చాలా కమర్షియల్ బిల్డింగుల్లో ఉన్నవి ఈ లిఫ్టులే. మీదీ అలాంటిదే అయితే స్ట్రెచర్ ఒక్కటే కొని ఊరుకోకండి. మెట్ల మీద దించే మడత కుర్చీ ఒకటి కొనండి, దాన్ని పై అంతస్తులోనే గోడకు వేలాడదీయండి. పడిపోయి మెడ, వెన్ను దెబ్బ తిన్నాయని అనుమానం ఉన్నవాళ్లను మాత్రం కుర్చీలో కూర్చోబెట్టకూడదు. మంటలు, పొగ లాంటి ముప్పు లేకపోతే పడిన చోటే కదలకుండా ఉంచి 108 వాళ్లను పైకి పిలవాలి. సరుకుల లిఫ్టు ఉంటే దాని తాళం ఏ షిఫ్టులో ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి.

గుర్తు గురించి ఒక మాట. తెల్లటి నేల మీద ఎర్ర క్రాస్ మనం వాడుకోకూడదు. 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అది అనుమతి ఉన్నవాళ్లకే. పచ్చటి నేల మీద తెల్ల క్రాస్ పెట్టించండి. బోర్డు తలుపుకు అంటించడం కాదు, వరండాలోకి పొడుచుకొచ్చేలా బిగించాలి. అప్పుడే దూరం నుంచి కనిపిస్తుంది.

మూడో మెట్టు: నీళ్లు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే.

గదిలో మోచేత్తో తిప్పే కుళాయి ఉన్న వాష్‌బేసిన్ కావాలి. కాలిన చేతిని పారే నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టగలిగేంత లోతుండాలి. రసాయనాలున్న చోట ఐ-వాష్ (కళ్లు కడిగే ధార), సేఫ్టీ షవర్ (ఒళ్లంతా తడిపే ధార) కూడా కావాలి. కానీ అవి గదిలో కాదు, పని చేసే చోటికి 10 సెకన్ల నడకలో ఉండాలి. కళ్లు మూసుకుపోయిన మనిషి వరండా దాటి, తలుపు వెతుక్కుని రాలేడు.

అంతర్జాతీయంగా వాడే ప్రమాణం ప్రకారం ఐ-వాష్ నిమిషానికి లీటరున్నర చొప్పున 15 నిమిషాలు పారాలి, అంటే 23 లీటర్లు. షవర్‌కు నిమిషానికి 76 లీటర్లు, 15 నిమిషాలకు 1,140 లీటర్లు. 500 లీటర్ల ట్యాంకుకు షవర్ తగిలించి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. ఆ ట్యాంకు ఏడో నిమిషం నిండకముందే ఖాళీ. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో మామూలు వాడకానికీ షవర్‌కూ ఒకే ట్యాంకు పెడితే, అవసరమైన రోజున అందులో ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. షవర్ ట్యాంకు విడిగా ఉండాలి. 500 మి.లీ. ఐ-వాష్ సీసాలు గోడకు తగిలించుకోవచ్చు గానీ పై లెక్కన ఒక్కో సీసా 20 సెకన్లకు సరి. అసలు ఐ-వాష్ దాకా నడిపించేలోపు వాడేందుకే అవి.

ఇంకొకటి, హైదరాబాద్‌లో మరీ ముఖ్యమైనది: ఆ నీళ్లు 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల మధ్యాహ్నం రెండింటికి మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి, ఎండలో పరిచిన పైపులోంచి వచ్చే నీళ్లతో చెయ్యి కడుక్కుని చూడండి. చెయ్యి వెనక్కి లాక్కుంటాం. అలాంటి ధార కింద కళ్లు తెరిచి 15 నిమిషాలు ఎవరూ నిలబడరు, నిమిషంలోపే మొహం తిప్పేసుకుంటారు. కాస్టిక్ లోపల తినేస్తూనే ఉంటుంది. ట్యాంకును నీడలోకి మార్చండి. పైపు మీద ఫోమ్ తొడుగు వేయించండి, వీలైతే గోడలోంచి తీసుకెళ్లండి. తర్వాత మే నెలలో అదే వేళకు థర్మామీటరు పెట్టి కొలిచి తారీఖుతో రాసిపెట్టండి. డిసెంబర్ ఉదయం కొలిచిన అంకె చూసి మురిసిపోవద్దు.

బోరు నీళ్లయితే నాజిల్ రంధ్రాల్లో సున్నం పేరుకుని ఒక కంటికి ధార, ఇంకో కంటికి చుక్క వస్తుంది. వారానికోసారి పూర్తిగా తెరిచి రెండు నిమిషాలు పారనివ్వండి. పైపులో నిలిచిన తుప్పు నీళ్లు పోతాయి, ధార తగ్గితే తెలుస్తుంది. కింద డ్రెయిన్ లేకుండా షవర్ పెడితే ఈ వారం పరీక్ష రెండు నెలల్లో ఆగిపోతుంది, ఎందుకంటే ప్రతిసారీ నేల తుడవాల్సి వస్తుందని హౌస్‌కీపింగ్ వాళ్లు గొణుగుతారు. వాళ్లదీ న్యాయమే. డ్రెయిన్ ముందే వేయించండి.

కన్ను కడిగేటప్పుడు రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకోవాలి. మనిషి తనంతట తాను తెరవలేడు. దెబ్బ తగిలిన కన్ను కిందివైపు ఉండేలా తల వంచితే మంచి కంట్లోకి రసాయనం పోదు. కాంటాక్టు లెన్సు ఉంటే కడుగుతూనే తీయాలి, తీసేదాకా ఆగకూడదు. పొడి సున్నం చర్మం మీద పడితే ముందు దులిపి, ఆ తర్వాతే నీళ్లు. కడగడం పూర్తయ్యాకే ప్రయాణం: మెహదీపట్నం సరోజినీ దేవి ఆసుపత్రికో, బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకో, మీకు ఏది దగ్గరైతే అక్కడికి. రసాయనం డబ్బా లేబుల్ ఫొటో తీసి వెంట పంపండి. విషాల విషయంలో సలహాకు ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117.

నాలుగో మెట్టు: సామాను

అల్మరాను వస్తువుల వారీగా సర్దకండి. సమస్య వారీగా సర్దండి. ఒక అరకు ‘రక్తం’, ఇంకో అరకు ‘కాలింది’, ‘ఎముక’, ‘ఊపిరి’, ‘కన్ను’ అని పెద్ద అక్షరాలతో, బొమ్మతో రాయండి. కంగారులో ఉన్నవాడు రోలర్ బ్యాండేజీ ఎక్కడుందని వెతకడు, రక్తం ఆపేది ఏదని వెతుకుతాడు. లేబుళ్లు తెలుగులో, హిందీలో ఉండాలి. ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు ఎక్కువుంటే ఒడియాలో కూడా. బొమ్మ మాత్రం అందరికీ అర్థమవుతుంది.

200 మంది, ఒకే షిఫ్టు, మధ్యరకం ప్రమాదాలున్న చోటికి ఈ లెక్క సరిపోతుంది:

- రక్తం: 10 × 10 సెం.మీ. స్టెరైల్ గాజ్ (గాయం మీద వేసే పలచటి గుడ్డ) ప్యాకెట్లు 50, 10 × 20 సెం.మీ. ఒత్తు ప్యాడ్లు 12, రోలర్ బ్యాండేజీలు 5, 10, 15 సెం.మీ. వెడల్పుల్లో పన్నెండేసి, టార్నికే (రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే పట్టీ) 2, బట్టలు కోసే మొండి మొన కత్తెర 2, రకరకాల ప్లాస్టర్లు 100, 500 మి.లీ. నార్మల్ సెలైన్ 6, పోవిడోన్ అయోడిన్ 100 మి.లీ. 2
- కాలింది: వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ రోల్ 1, అంటుకోని డ్రెస్సింగులు 10, శుభ్రమైన పాత కాటన్ దుప్పట్లు 2
- ఎముక: త్రికోణపు గుడ్డలు 12, 10 సెం.మీ. క్రేప్ బ్యాండేజీలు 6, ఎముక కదలకుండా కట్టే, వంచుకోగలిగే స్ప్లింట్లు 4, మెడ కాలర్ 1
- ఊపిరి: సి.పి.ఆర్. (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి, ఊపిరి ఊదడం) పాకెట్ మాస్కు 2
- కొలిచేవి: బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, డిజిటల్ థర్మామీటర్, గ్లూకోమీటర్ ఒక్కొక్కటి
- తక్కినవి: నైట్రైల్ గ్లవ్స్ మీడియం, లార్జ్ ఒక్కో పెట్టె, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు 20, గ్లూకోజ్ పొడి 2 పెట్టెలు, వాంతి సంచులు 10, శానిటరీ ప్యాడ్లు, మంచం మీద పరిచే పేపర్ రోల్

దీంట్లో దూది కావాలనే రాయలేదు. గాయానికి దూది పీచు అంటుకుంటుంది, తర్వాత తీసేటప్పుడు మళ్లీ రక్తం వస్తుంది. బర్న్ క్రీములు కూడా లేవు. కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లటి నీళ్లు, ఉంగరం, గడియారం, గాజులు వాపు రాకముందే తీసేయడం, పైన వదులుగా క్లింగ్ ఫిల్మ్, అంతే. ఐసు పెడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, కాఫీ పొడి పూస్తే కాలిన లోతు డాక్టరుకు కనపడదు, గీకి తీయాల్సి వస్తుంది. ఈ నాలుగు పేర్లూ గోడ మీద రాసి అడ్డగీత కొట్టండి. ‘ఏమీ పూయవద్దు’ అని రాస్తే పసుపు అందులోకి రాదనుకునేవాళ్లుంటారు.

వేలు తెగిపడితే దాన్ని తడి గాజ్ గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు ఉన్న ఇంకో సంచిలో పెట్టాలి. నేరుగా ఐసులో వేస్తే కండ గడ్డకట్టి పాడవుతుంది. దీనికి రెండు జిప్ సంచులు ‘రక్తం’ అరలోనే పెట్టండి. ఐసు ఎక్కడుందో కూడా అక్కడే రాయండి. మామూలుగా అది క్యాంటీన్ ఫ్రీజర్‌లో ఉంటుంది, క్యాంటీన్ నాలుగింటికి మూసేస్తారు.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లకు, 24 గంటల్లో తాగేయాలి. గ్లాసు నీళ్లలో ప్యాకెట్టంతా కలపడం మేలు చేయకపోగా ప్రమాదం. అందుకే గదిలో లీటరు గీత ఉన్న జగ్గు పెట్టండి. పేరులో ఓ.ఆర్.ఎస్. అని పెట్టుకుని అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని వాటి మీద ఆ పేరు ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఆదేశించింది. టెట్రా ప్యాకుల జోలికి పోకుండా పొడి ప్యాకెట్లే కొనండి.

నిజమైన వడదెబ్బకు ఓ.ఆర్.ఎస్. కాదు మందు. మాటలు తడబడుతూ, ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతుంటే నోట్లో ఏమీ పోయకండి, పారాసెటమాల్ ఇవ్వకండి. 108కి చెప్పి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు చల్లి ఫ్యాను పెట్టండి. చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కల ఐసు సంచులు. ముందు ఒళ్లు చల్లబరచాలి, ఆ తర్వాతే ప్రయాణం.

మాత్రల గొడవ

తలనొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర అడగడానికే సగం మంది ఈ గదికొస్తారు. ప్రథమ చికిత్స శిక్షణ మాత్రం మాత్రలు ఇవ్వడానికి అర్హత కాదు. కంపెనీ డాక్టరు సంతకంతో ఒక పేజీ రాయించుకోండి: ఏ మాత్ర, ఎంత, ఎవరికి ఇవ్వకూడదు, ఏం అడగాలి. ఆ పేజీలో లేనిది అల్మరాలోనూ ఉండకూడదు. ఛాతీ నొప్పికి 300–325 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించడం ఆ పేజీలో ఉండవచ్చు, అలర్జీ, రక్తస్రావం సమస్యలు అడిగాక. నాలుక కింద సార్బిట్రేట్ (గుండె నొప్పి మాత్ర) పెట్టేయడం చాలామందికి అలవాటు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. డాక్టరు చెప్పనిదే వద్దు.

షుగర్ పడిపోయినవాళ్లకు మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో చెంచాతో ఏదీ పోయవద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా పెట్టడం ఇంకా ఆగలేదు. తల కింద మెత్తటిదేదైనా పెట్టి, చుట్టూ కుర్చీలు జరిపి, గడియారం చూడండి. తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే 108.

ఐదో మెట్టు: సంచీ, ఏ.ఇ.డి., ఆక్సిజన్

అల్మరా నిండినంత మాత్రాన గది సిద్ధమైనట్టు కాదు. తలుపు పక్కన కొక్కేనికి వీపుకు తగిలించుకునే సంచీ ఒకటి ఉండాలి. అందులో గ్లవ్స్, ఒత్తు ప్యాడ్లు 4, టార్నికే, కత్తెర, పాకెట్ మాస్కు, టార్చి, గ్లూకోజ్, మార్కర్ పెన్ను. మార్కర్ దేనికంటే, టార్నికే కట్టిన టైము రాయడానికి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా కట్టి, టైము రాసి, ఆసుపత్రిదాకా విప్పకూడదు.

గుండె ఆగినప్పుడు షాకు ఇచ్చే ఏ.ఇ.డి. కొంటే దాన్ని గదిలో తాళం వేసి పెట్టకండి. షాకు ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7–10 శాతం చొప్పున తగ్గుతుంది. లిఫ్టు ముందో రిసెప్షన్‌లోనో, అందరూ చూసే గోడకు తగిలించాలి. ప్యాడ్లకూ బ్యాటరీకీ వేర్వేరు గడువులు ఉంటాయి, మిషన్ మీద పచ్చ లైటు వెలుగుతున్నా ప్యాడ్ల జిగురు ఎండిపోయి ఉండొచ్చు. పక్కన ఒక రేజరు, చిన్న తువ్వాలు కట్టి ఉంచండి. చెమట పట్టిన, వెంట్రుకలున్న ఛాతీకి ప్యాడ్ అంటదు. మిషన్ వచ్చేదాకా నిమిషానికి 100–120 చొప్పున, 5–6 సెం.మీ. లోతుకు ఛాతీ నొక్కుతూనే ఉండాలి. నేర్చుకున్నవాళ్లయితే 30 నొక్కులకు 2 ఊపిరులు.

ఆక్సిజన్ సిలిండర్ నర్సు ఉన్న చోటే పెట్టండి. బి-టైపు సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లుంటుంది, నిమిషానికి 10 లీటర్ల చొప్పున రెండున్నర గంటలు వస్తుంది. నిలబెట్టి గొలుసుతో గోడకు కట్టాలి. వాల్వుకు నూనె, గ్రీజు తగలకూడదు, మంట లేస్తుంది. తెరిచే కీ సిలిండర్ మెడకే కట్టండి. సిలిండర్ నిండుగా ఉండి కీ దొరక్కపోవడం మామూలుగా జరిగేదే.

ఆరో మెట్టు: మనుషులు, ఫోను

భారత రెడ్‌క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తాయి. ప్రతి షిఫ్టులో కనీసం ఇద్దరుండాలి, ఎందుకంటే ఒకరు సెలవు పెడతారు, ఆ ఒక్కరే గాయపడనూ వచ్చు. మేనేజర్లకు శిక్షణ ఇప్పించి ఊరుకోకండి, వాళ్లు మీటింగుల్లో ఉంటారు. రాత్రి షిఫ్టు సెక్యూరిటీ గార్డు, క్యాంటీన్ సూపర్‌వైజరు, ఫ్లోర్ మీద తిరిగే టెక్నీషియన్ మెరుగు. సి.పి.ఆర్. చేతులు మర్చిపోతాయి, ఆరు నెలలకోసారి బొమ్మ మీద నొక్కించండి.

108 సేవ 2005 ఆగస్టులో ఈ నగరంలోనే మొదలైంది. అయినా చాలా ఆఫీసుల్లో ఫోన్ చేసినవాళ్లు కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటారు. ఫోను పక్కన ఈ కాగితం అంటించండి: ఏం జరిగింది, ఎంతమందికి, స్పృహ ఉందా, ఊపిరి ఉందా, ప్లాటు నంబరు, ఫేజు, దగ్గరి మెట్రో పిల్లర్ నంబరు, ఏ గేటు, ఏ టవరు. ఇండస్ట్రియల్ ఏరియాల్లో ప్లాటు నంబర్లు వరసలో ఉండవు, మ్యాపులో పిన్ను వెనక వీధిలో పడుతుంది. ఒక మనిషి మెయిన్ రోడ్డుకు వెళ్లి నిలబడాలి, రెండో మనిషి గేటు తెరిపించి లిఫ్టు ఆపి ఉంచాలి. ఈ రెండు పనులకూ షిఫ్టుల వారీగా పేర్లు రాసి ఉండాలి. 108 పక్కనే 112 నంబరు కూడా రాయండి.

ఏ ఆసుపత్రికి దేనికి వెళ్లాలో ముందే తేల్చుకోండి. ఛాతీ నొప్పికి రాత్రి కూడా క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే విభాగం) నడిచే దగ్గరి ఆసుపత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. పాము కాటుకు కోయడం, కట్టు బిగించడం, పీల్చడం వద్దు. కాలు కదలకుండా ఉంచి యాంటీవెనమ్ ఉన్న చోటికి, గాంధీకో ఉస్మానియాకో, వెంటనే పంపాలి. కుక్క కాటుకు ముందు సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు, తర్వాత టీకాకు నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఈ.ఎస్.ఐ. ఉన్నవాళ్లకు సనత్‌నగర్ ఆసుపత్రి ఉంది, కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు కార్డు చూసి ఆసుపత్రి ఎంచకండి.

చెత్త, రిజిస్టరు

రక్తం అంటిన గాజ్ గుడ్డ, బ్యాండేజీ పసుపు సంచిలోకి. గ్లవ్స్, ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచిలోకి. గ్లూకోమీటర్ సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. పగిలిన మందు సీసాలు నీలం పెట్టెలోకి. 2016 జీవ వైద్య వ్యర్థాల నియమాల రంగులివి. 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. అనుమతి తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ఇస్తుంది. నర్సును పంపే ఆసుపత్రితో ఒప్పందం ఉంటే చెత్త తీసుకెళ్లే బాధ్యత కూడా అందులోనే రాయించుకోండి. లేకపోతే అది మామూలు చెత్తతో కలిసిపోయి, గ్లవ్స్ లేకుండా ఏరేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది.

రిజిస్టరులో తేదీ, సమయం, పేరు, ఎక్కడ, ఏం జరిగింది, ఏం చేశాం, ఎటు పంపాం. చిన్న గీత పడ్డా రాయాలి. ఒకే మెషీన్ దగ్గర నెలలో నాలుగు గీతలు పడితే తర్వాత పోయేది వేలే. జబ్బుల వివరాలు అందరూ తిరగేసే పుస్తకంలో ఉండకూడదు, మనిషికో పేజీ రాసి తాళంలో పెట్టండి. ఈ.ఎస్.ఐ. కింద ప్రమాదాల పుస్తకం ఫారం 11, ప్రమాద నివేదిక ఫారం 12, ఈ నివేదిక ఆలస్యం లేకుండా పంపాలి. ఫ్యాక్టరీలో గాయపడ్డవాళ్లు 48 గంటలకు మించి పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల అధికారికి కూడా నోటీసు ఇవ్వాలి.

ఏడో మెట్టు: గది చచ్చిపోకుండా

ప్రారంభించిన రోజు కొబ్బరికాయ కొడతారు, ఆరు నెలలకు గదిలో బతుకమ్మ అలంకరణ సామాను, పాత మానిటర్లు, దసరా బ్యానర్లు చేరతాయి. రాత్రి ఎవరో మంచం మీద నిద్రపోతుంటారు. దానికి భయపడి తాళం వేస్తారు. అవసరమైనప్పుడు ‘తాళం అడ్మిన్ అన్న దగ్గరుంది, ఆయన లంచ్‌కు పోయిండు’ అని జవాబొస్తుంది. పని గంటల్లో గదికి తాళమే వద్దు, మాత్రల పెట్టెకు వేసుకోండి. రాత్రి వేయక తప్పకపోతే తలుపు పక్కన గాజు పెట్టెలో తాళంచెవి పెట్టండి.

అల్మరా అరలకు, సంచీకి విరిగే ప్లాస్టిక్ ట్యాగులు వేయండి. ట్యాగు ఉంటే లోపల నిండుగా ఉన్నట్టు, విరిగితే ఆ రోజే లెక్క చూడాలి. అప్పుడు వారం తనిఖీ ఐదు నిమిషాల పని. నెలకోసారి మాత్రం గడువు తేదీలు చూడాలి: గ్లూకోమీటర్ స్ట్రిప్పులు డబ్బా తెరిచిన కొన్ని నెలలకే పనికిరాకుండా పోతాయి, తెరిచిన తారీఖు మూత మీద రాయండి. సెలైన్ సీసా ఒకసారి తెరిస్తే మిగిలింది పారబోయాల్సిందే.

మూడు నెలలకోసారి చెప్పకుండా డ్రిల్లు పెట్టండి. పై అంతస్తులో ఒకరిని నేల మీద పడుకోబెట్టి స్టాప్‌వాచ్ నొక్కండి. రెండు అంకెలు రాసుకోవాలి: సంచీ, ఏ.ఇ.డి. మనిషి దగ్గరికి చేరడానికి ఎంతసేపు, మనిషి గేటు దగ్గరికి చేరడానికి ఎంతసేపు. మొదటిది మూడు నిమిషాలు దాటితే సంచీనో ఏ.ఇ.డి.నో దగ్గరికి జరపండి, గదిని కాదు. డ్రిల్లు ఒకసారి లంచ్ టైములో, ఒకసారి రాత్రి రెండింటికి పెట్టండి. రాత్రి డ్రిల్లులోనే తెలుస్తుంది, వెనక గేటు తాళంచెవి పగటి షిఫ్టు గార్డు జేబులో ఇంటికెళ్లిపోయిందని.